కోచ్ కావాలంటే ముందు ఆట చూడటం నేర్చుకోండి

ఒడిశాలో పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఉంటూ కోచ్ కావాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్ బిల్ బెలిచిక్ వచ్చిన దారి చూడండి. ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో) ఎప్పుడూ ఆడలేదు. 1975లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టులో మ్యాచ్ ఫిల్ములు చూసి నోట్స్ రాసే చిన్న పనితో మొదలుపెట్టి, 1991లో క్లీవ్‌లాండ్ జట్టు హెడ్ కోచ్ అయ్యారు. అక్కడ తీసేసినా, తర్వాత పేట్రియాట్స్ జట్టుతో ఆరు సూపర్ బౌల్స్ (ఆ లీగ్ ఫైనల్స్) గెలిచారు.

మీరూ అలాగే మొదలుపెట్టండి. ఊళ్లో కబడ్డీ మ్యాచ్ ఫోన్లో తీసి, ఒక్క రైడర్‌నే పట్టుకుని, ఏ కాలు ముందు వేస్తున్నాడు, అవతల ఆరుగురు ఉన్నప్పుడు బోనస్‌కి ఎటువైపు వెళ్తున్నాడు, అన్నీ రాయండి. ఈ పనికి బద్ధకిస్తే కోచింగ్ రాదు, నిజం. తర్వాత మంచి కోచ్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి, పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమాకు అప్లై చేయండి. ఒడియా పిల్లలుంటే ఒడియాలోనే చెప్పండి.