లేజర్ క్లీనింగ్ మెషీన్ తుప్పు సరిగ్గా తీయడం లేదా? పవర్ పెంచకండి, ముందు లెన్స్ చూడండి

నిన్నటిదాకా ఒక్కసారి తిప్పితే పోయిన తుప్పు ఇవాళ మూడుసార్లు తిప్పినా పోవడం లేదు. ఈ సమస్య చెప్పేవాళ్లలో చాలామంది అప్పటికే పవర్ పెంచేసి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. గన్ ముందుండే ప్రొటెక్టివ్ లెన్స్ మురికిగా ఉంటే ఆ మరకే కిరణాన్ని పీల్చుకుని కాలుతుంది. పవర్ పెంచితే గాజు పగలొచ్చు.

మెషీన్ ఆపి, కీ తీసేసి, లెన్స్‌ను బయటికి తీయండి. టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. దుమ్మో వేలిముద్రో అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన, పోగులు రాలని స్వాబ్‌తో మధ్య నుంచి అంచు వైపు తుడవండి. ఒకసారి వాడిన స్వాబ్ మళ్లీ వాడొద్దు. నల్లగా కాలిన చుక్క ఉంటే తుడిచి లాభం లేదు, కొత్తది వేయాల్సిందే. లెన్స్ బయట ఉన్నంతసేపూ ఆ సందును టేపుతో మూసి ఉంచండి.

కొత్త లెన్స్ కూడా గంటకే మసకబారుతోందా? నేను దెబ్బతిన్నది ఇక్కడే. లెన్సులు నాసిరకం అనుకుని వరుసగా నాలుగు మార్చాను. ఐదోది తీసినప్పుడు లోపలివైపు సన్నటి తేమ కనబడింది. మెషీన్‌ను నీటితో చల్లబరిచే చిల్లర్ పైపు పట్టుకుంటే చెయ్యి తడిసింది. ఎండాకాలంలో చిల్లర్‌ను 20 డిగ్రీలకు తగ్గించి, వానలు మొదలయ్యాక మళ్లీ పెంచలేదు. ఎంత చల్లగా ఉంటే మెషీన్‌కు అంత మంచిదని అందరం అనుకుంటాం. కానీ గాలి 30 డిగ్రీలు, అందులో తేమ 70 శాతం ఉంటే, సుమారు 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి భాగానికీ చెమ్మ పడుతుంది. పైపు మీద పడితే కనిపిస్తుంది. కిరణాన్ని పుట్టించే లేజర్ సోర్స్ లోపల పడితే కనిపించదు, అది లెన్స్ ఖర్చుతో పోయే నష్టం కాదు.

కాబట్టి పైపు చెమర్చితే బీమ్ ఆన్ చేయకండి. చిల్లర్ ఆపి, మెషీన్ పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత నీటి ఉష్ణోగ్రతను మాన్యువల్ చెప్పిన హద్దు దాటకుండా, చెమ్మ పట్టే స్థాయికి రెండు మూడు డిగ్రీలు పైన పెట్టండి. సోర్స్‌కూ గన్‌కూ విడివిడి సెట్టింగులుంటే రెండూ చూడండి. ఏసీ గదిలో అయితే ముందు ఏసీ వేసి అరగంట ఆగి చిల్లర్ వేయండి. ఆపేటప్పుడు ముందు చిల్లర్, తర్వాతే ఏసీ. పని లేనప్పుడు చిల్లర్‌ను ఊరికే తిరగనివ్వకండి.

లెన్స్ మీద మరక బయటివైపు జిడ్డుగా ఉంటే, గన్‌లోకి ఊదే కంప్రెసర్ గాలిలో నూనె వస్తున్నట్టు. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లను బయటికి వదిలి, గాలి ఫిల్టర్ మార్చండి. కిరణాన్ని గన్ దాకా తెచ్చే ఫైబర్ దెబ్బతినడం, సోర్స్ బలం తగ్గడం అరుదు. ఇవన్నీ చూశాకే సర్వీస్ వాళ్లను పిలవండి. కిరణం గీతలా కాకుండా ఒకేచోట చుక్కలా పడుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. లోపల అద్దాన్ని ఊపే మోటార్ ఆగిపోయిందన్నమాట.