ఫ్యూగ్ వినడం – 5వ పాఠం: నికొలాయెవా చేతుల్లో బాఖ్, షోస్టకోవిచ్

ఫ్యూగ్ అంటే ఒకే ఎత్తుగడను (మొదట వచ్చే చిన్న పాదాన్ని) గొంతులు, అంటే ఒకే వాయిద్యం మీద నడిచే వేర్వేరు స్వర వరుసలు, ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన. పోయినసారి బాఖ్ సి మైనర్ ఫ్యూగ్ ('వెల్-టెంపర్డ్ క్లావియర్' మొదటి సంపుటంలో 2వది) విని, ఎత్తుగడ ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టమన్నాను. చాలామంది "ఒక్కసారే వచ్చింది, తర్వాత వేరే పాట మొదలైంది" అని రాశారు. ఆ తప్పు నాదే. రెండో గొంతు పంచమం నుంచి అందుకుంటుందని చెప్పాను గాని, అందులో ఒక స్వరం మారుతుందని చెప్పలేదు.

సి ని షడ్జమంగా పెట్టుకోండి. నడిమి గొంతు "స ని స ప ద" అని మొదలుపెడుతుంది. మూడో బార్‌లో (తాళావర్తంలో) పై గొంతు అందుకుంటుంది. ఉన్నదున్నట్టు పైకి జరిపితే "ప మ ప రి గ" రావాలి. బాఖ్ రాసింది "ప మ ప స గ". రి ఉండాల్సిన చోట స, అంతే తేడా. కొత్త శ్రుతిలోకి ఒక్కసారిగా జారిపోకుండా ఆ షడ్జమం పట్టి ఉంచుతుంది. ఐదు, ఆరు బార్లలో ఎత్తుగడ ఉండదు, కంగారు పడకండి. ఏడో బార్‌లో కింది గొంతు మళ్ళీ స నుంచే ఎత్తుకుంటుంది.

దీన్ని సంగతి అని కూడా అనుకోవద్దు. సంగతిలో అదే పాదం మెరుగులు దిద్దుకుంటూ పెరుగుతుంది. ఇక్కడ రెండో గొంతు వచ్చాక కూడా మొదటిది ఆగదు, ఇంకో మాట చెబుతూనే ఉంటుంది.

ఇక రష్యన్ పియానిస్టు తతియానా నికొలాయెవా. 1950లో లైప్‌జిగ్ బాఖ్ పోటీలో గెలిచింది. న్యాయనిర్ణేతల్లో సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ ఉన్నాడు. ఆ అక్టోబరులో మొదలుపెట్టి 1951 ఫిబ్రవరికల్లా 24 ప్రెల్యూడ్‌లు (ఫ్యూగ్‌కు ముందు వాయించే రచనలు), ఫ్యూగ్‌లు రాశాడు. 1952 డిసెంబరులో లెనిన్‌గ్రాద్‌లో వాటన్నిటినీ తొలిసారి వినిపించింది ఆమే. 1962, 1987, 1990లలో మూడుసార్లు మొత్తం రికార్డు చేసింది. నేను ఎవరికైనా ముందు 1990దే వినమని చెబుతాను.

ఆమె గురించి మీరు పంపిన నోట్స్‌లో సగం "గూల్డ్ స్పీడు, ఈవిడ నెమ్మది" అనే ఉన్నాయి. ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. వాయించే తీరంటే వేగం కాదు. అందుకు కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డే సాక్ష్యం. బాఖ్ మొదటి సంపుటంలోని ఎ మైనర్ ఫ్యూగ్ రికార్డు చేసినప్పుడు అతనికి రెండు టేకులు నచ్చాయి, 6వది, 8వది. ఒకటి స్వరాలు కలుపుకుంటూ గంభీరంగా, రెండోది విడివిడిగా తుంచుతూ. ఏదీ పూర్తిగా తృప్తినివ్వక, రెండిటినీ అతికి ఒకటి చేశాడు. అలా అతకగలగడానికి కారణం, రెండు టేకుల వేగం దాదాపు ఒకటే! అంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? స్వరాన్ని వదిలే తీరునుంచి. మీటను నొక్కిన క్షణాన్ని కాదు, వేలు లేచే క్షణాన్ని వినండి. తర్వాతి స్వరం వచ్చేలోపు చిన్న ఖాళీ ఉందా, లేక ఒకదాని తోక మీద ఇంకొకటి వాలిందా? గూల్డ్ బాఖ్‌లో ఆ ఖాళీ ఎక్కువ. నికొలాయెవా పియానో పాడుతుంది, పెడల్‌కి (స్వరాలను మోగుతూనే ఉంచే కాలిమీటకి) భయపడదు.

ఆమె పెడల్ అందం తెలియాలంటే షోస్టకోవిచ్ 7వది, ఎ మేజర్ ఫ్యూగ్. ఎత్తుగడ మొత్తం కార్డ్ స్వరాలే, అంటే కలిపి మోగించినా పొసిగే స, గ, ప లాంటివే. ఒకదానితో ఒకటి గొడవపడే స్వరాలు లేవు కాబట్టి మోగుతున్నవాటి మీదే కొత్తవి వచ్చి చేరినా మకిలి పట్టదు, గుడి గంటల్లా నిలిచిపోతాయి. ఇది కళ్ళు మూసుకుని వినాల్సింది.

అభ్యాసం: షోస్టకోవిచ్ 9వది, ఇ మేజర్ ఫ్యూగ్. మొత్తం 24లో రెండే గొంతులున్నది ఇదొక్కటే. నికొలాయెవా వాయిస్తుంటే కింది గొంతును మీరు పాడాలి. మొదట రెండు బార్లు, తర్వాత నాలుగు, వారం తిరిగేసరికి మొదటి అరనిమిషం. పై గొంతు మిమ్మల్ని లాక్కెళ్ళిపోతుంది, అక్కడ ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఎక్కడ తప్పిపోయారో సెకన్లతో సహా రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడినుంచే.