చైనీస్ లాంతరు మొక్క: సమస్య - పరిష్కారం

చలి దేశాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాగితపు లాంతర్లలాంటి నారింజ రంగు బుడ్డలతో వేలాడే ఈ మొక్క టొమాటో కుటుంబానిది. మన చేలగట్ల మీద మొలిచే కుప్పంటికి దగ్గరి చుట్టం. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్లకు దీపావళి అలంకరణకు సరిగ్గా అందివస్తుంది.

ఆకు గుబురుగా ఉంది, లాంతర్లు లేవు
విత్తనం వేసిన మొదటి ఏడాది చాలావరకు కాయదు, ఆగండి. తర్వాతి ఏడాదీ అంతే అయితే నీడ గానీ, నత్రజని ఎరువు ఎక్కువవడం గానీ కారణం. మంచి ఎండలోకి మార్చి ఎరువు ఆపండి. పూలు వచ్చి రాలిపోతుంటే తేనెటీగలు రావడం లేదేమో చూడండి. మెత్తటి బ్రష్‌తో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించండి.

ఆకులకు చిల్లులు
ఉత్తర అమెరికాలో అయితే ముందు నల్లచారల పసుపు పెంకుపురుగును అనుమానించండి. ఆకు తిరగేస్తే పసుపు గుడ్ల గుంపు, పక్కనే తమ రెట్టనే వీపు మీద మోస్తూ బురదముద్దల్లా కనిపించే పిల్లపురుగులు. ఏరి సబ్బునీళ్లలో వేసేయండి.

తోటంతా పాకేస్తోంది
భూమిలో పాకే కాండం చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. అందుకే నేలలో నాటొద్దనే చెప్తాను. పెద్ద కుండీలో పెట్టి, దాన్ని మట్టి మీద కాకుండా గచ్చు మీద ఉంచండి.

కోసిన లాంతర్లు వెలిసిపోతున్నాయి, బూజు పడుతున్నాయి
వెలవడానికి ఎండ, బూజుకు తడి కారణం. ఎక్కువ బుడ్డలు రంగు తిరిగాక, వాన లేని రోజు కొమ్మలు కోయండి. ఆకులన్నీ దూసేసి, గాలి ఆడే చీకటి గదిలో తలకిందులుగా కొన్ని వారాలు వేలాడదీయండి.

పొర పాడైన బుడ్డలను పారేయకండి. రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, మధ్యమధ్య నీళ్లు మారుస్తూ ఉంటే మెత్తటి భాగం కుళ్లి ఊడిపోతుంది. వేలితో నెమ్మదిగా కడిగితే వలలాంటి ఈనెలు, లోపల ఎర్రటి పండు మిగులుతాయి. ఎంత చక్కగా ఉంటుందో! జపాన్‌లో ఈ మొక్కను హోజుకి అంటారు. పితృదేవతలకు దారి చూపే దీపంగా ఓబోన్ పండగకు పెడతారు. టోక్యోలోని అసకుసా సెన్సోజీ గుడి దగ్గర ఏటా జూలై 9, 10 తేదీల్లో దీనికోసమే సంత జరుగుతుంది.

ఎండిన బుడ్డ ఇట్టే అంటుకుంటుంది. ప్రమిదల దగ్గర పెట్టకండి, సన్నటి ఎల్‌ఈడీ దండ చాలు.

పిల్లలు రసభరి (కేప్ గూస్‌బెర్రీ) అనుకుని తింటారేమో
రసభరి బుడ్డ ఎండుగడ్డి రంగులో, పండు పసుపుగా ఉంటుంది. లాంతరు మొక్క ఆకు, బుడ్డ, పచ్చికాయ విషపూరితం. చంటిపిల్లలున్న ఇంట్లో లాంతర్లను అందనంత ఎత్తున కట్టండి; నోట్లో పెట్టుకుంటే వెంటనే డాక్టరుకు చూపించండి.