చిన్న కీబోర్డులో 'ఒ' ఎక్కడ పోయింది?

ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక)లో తెలుగు కొట్టేవాళ్లు 60 శాతం (నంబర్ ప్యాడ్, పై ఎఫ్ కీల వరుస లేని) మెకానికల్ కీబోర్డు కొంటే ముందు ఈ మార్పు చేసుకోండి. ఒత్వం 'ొ', షిఫ్ట్‌తో 'ఒ' రెండూ పెద్ద కీబోర్డులో 1 పక్కనుండే కీ మీదే ఉంటాయి. చిన్నదాంట్లో ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. ఇక నల్లగొండ, దేవరకొండ, కొడంగల్, కొల్లాపూర్... మన ఊళ్ల పేర్లు రాయాలన్నా ప్రతిసారీ ఎఫ్ఎన్ (Fn) కీ కూడా నొక్కాల్సిందే. దరఖాస్తులు టైప్ చేసేవాళ్లకైతే నరకం.

మీ కీబోర్డుకు వయా (VIA, కీల పనులు మార్చుకునే యాప్) సపోర్ట్ ఉంటే క్రోమ్‌లోనే వయా తెరిచి, ఎస్కేప్ స్థానంలో గ్రేవ్ కీ (పెద్ద కీబోర్డులో 1 పక్కనుండేది అదే) పెట్టండి. ఇక ఎస్కేప్ కోసం క్యాప్స్ లాక్ మీద క్లిక్ చేసి, 'ఎనీ' కీ ఎంచుకుని, మోడ్-ట్యాప్ (ఒకే కీకి రెండు పనులిచ్చే) కోడ్ ఇవ్వండి: తట్టి వదిలితే ఎస్కేప్, పట్టి ఉంచితే కంట్రోల్. మామూలుగా 200 మిల్లీసెకన్లు దాటితే పట్టినట్టు లెక్క.

'గ్రేవ్ ఎస్కేప్' అని రెడీమేడ్‌గా ఒకటుంది, అది మాత్రం వద్దు. షిఫ్ట్‌తో 'ఒ' వస్తుంది గానీ, ఒట్టిగా నొక్కితే ఎస్కేపే పడుతుంది. మనకు ఎక్కువగా కావాల్సింది 'ొ' కదా!

మార్పులు కీబోర్డులోనే సేవ్ అవుతాయి. ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టినా మళ్లీ సెట్ చేయక్కర్లేదు.