పాత కార్బురేటర్ రబ్బరు సీళ్లు – 4వ పాఠం: గాడి కొలత

పోయిన పాఠం చేసినవాళ్లవి రెండే ఫిర్యాదులు. కొలిచి తెచ్చిన ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) వేస్తే ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) కూర్చోవడం లేదు. లేదా కూర్చుంది గానీ కారుతోంది. రెండింటికీ కారణం ఒకటే: రింగు కూర్చునే గాడి వదిలేసి పాత రింగును కొలిచారు.

పెట్రోల్లో నానిన రబ్బరు ఉబ్బుతుంది. బౌల్ విప్పిన వెంటనే కొలిస్తే ఆ ఉబ్బు కూడా లెక్కలో కలుస్తుంది. ఒక రోజు ఆరనిస్తే ఉబ్బు తీస్తుంది గానీ, ఏళ్లుగా నలిగిన రింగు పలకబారి ఉంటుంది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) ఒకవైపు 1.6, ఇంకోవైపు 2.1 మి.మీ. చూపిస్తే సగటు తీసి కొనేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మానండి.

గాడిలో పేరుకున్న మడ్డిని చెక్క పుల్లతో గీకండి. సూదితో గీకితే అల్యూమినియం మీద పడే గీతలోంచే పెట్రోల్ కారుతుంది. తర్వాత లోతు, వెడల్పు, లోపలి గోడ వ్యాసం రాసుకోండి. ఎదుటి ముఖం చదునుగా ఉంటే రింగు మందంలో 15 నుంచి 25 శాతం నొక్కుకుపోవాలి.

గాడి లోతు 1.5, వెడల్పు 2.4 మి.మీ. అనుకుందాం. 1.78 మి.మీ. మందం రింగు వేస్తే 0.28 నొక్కుడు, అంటే దాదాపు 16 శాతం. సరిపోతుంది. 2.0 రింగుకు 25 శాతం. అది అంచు మీద ఉంది, పైగా గాడి దాదాపు నిండిపోతుంది, ఉబ్బడానికి చోటుండదు. నా ఓటు 1.78కే. ఇక 2.4 రింగు అడ్డుకోత వైశాల్యం 4.5 చ.మి.మీ., గాడిది 3.6. రబ్బరు నలుగుతుందే తప్ప కుదించుకుపోదు. స్క్రూలు బిగించి లాగితే విరిగేది బౌల్ చెవి (స్క్రూ పట్టే కొస).

ఇంజిన్ వైపు ఫ్లాంజ్ (కార్బురేటర్‌ను ఇంజిన్‌కు బిగించే అంచు) రింగును లోపలి వాక్యూమ్ లోపలికే లాగుతుంది. కాబట్టి దాని లోపలి వ్యాసం గాడి లోపలి గోడకు ఆనుకునేలా ఉండాలి.

రబ్బరు రకం: ఎఫ్‌కేఎమ్ (ఫ్లోరోకార్బన్ రబ్బరు) దొరికితే ఇంకేదీ చూడకండి, లేకపోతే నైట్రైల్. నల్లగా ఉన్నదల్లా నైట్రైల్ కాదు. ఈపీడీఎమ్ (ఇంకో రకం రబ్బరు) కూడా నలుపే, పెట్రోల్లో విపరీతంగా ఉబ్బుతుంది. సిలికాన్ పేస్టు జోలికి పోవద్దు. పెట్రోల్‌కు ఊడిన ముక్క, తక్కువ వేగంలో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రమైన పైలట్ జెట్‌లో ఇరుక్కుంటుంది.

మిక్చర్ స్క్రూ (పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) బుల్లి రింగు చాలాసార్లు రంధ్రం అడుగునే ఉండిపోతుంది. స్క్రూతో పాటు స్ప్రింగు, వాషర్ మాత్రమే వస్తే టార్చితో లోపల చూడండి. పాతదాని మీదే కొత్తది వేస్తే స్క్రూ చివరిదాకా దిగదు, విప్పేటప్పుడు మీరు లెక్కపెట్టుకున్న చుట్లన్నీ తప్పుతాయి.

అభ్యాసం: కార్బురేటర్‌లో ఓ-రింగు కూర్చునే ప్రతి గాడికీ మూడు కొలతలు తీసి, అందులో పట్టే రెండు మందాలకు నొక్కుడు శాతం లెక్కకట్టండి. కొన్న ప్రతి రకం రింగులోనూ ఒకటి అదనంగా తెచ్చి, మంటకు దూరంగా, గాలాడే చోట 24 గంటలు పెట్రోల్లో ముంచండి. ముందూ తర్వాతా మందం కొలవండి. 1.78 రింగు 2.0 దాటితే ఆ రకం మొత్తం పక్కన పడేయండి.