కళ్లంలో మొక్కజొన్న ఉండగా గాలివానను ముందే పసిగట్టడం

ఏప్రిల్, మే నెలల్లో బొబ్బిలి చుట్టుపక్కల కళ్లాల నిండా మొక్కజొన్న ఆరుతుంటుంది. తేమ 14 శాతానికి దిగితే తప్ప మద్దతు ధరకు తీసుకోరు. మా ఇంట్లో బరకాలు లాగడం మా ఆయన పని, ఎప్పుడు లాగాలో చెప్పడం నా పని. తుపానైతే రోజుల ముందు నుంచే టీవీలో ఊదరగొడతారు. వేసవి గాలివానకు ఆ మర్యాద లేదు. పొద్దున జాడే లేని మబ్బు సాయంత్రానికి నెత్తి మీద ఉంటుంది. అందుకే రోజులో మూడు నాలుగుసార్లు చూసుకోవాలి.

పొద్దున వాతావరణ శాఖ జిల్లా హెచ్చరిక చూడండి. ఎల్లో అంటే జాగ్రత్తగా గమనించమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని. అయితే జిల్లా మొత్తానికి ఇచ్చిన ఎల్లో చూసి బరకం కప్పేస్తే మే నెలంతా గింజ ఎండదు. అది చూసి నేను చేసేదల్లా గింజను పలచగా పరవకుండా, త్వరగా కుప్ప చేసేలా వరుసలుగా ఉంచడమే.

కాస్త ఓపికుంటే విండీ యాప్‌లో కేప్ అంకె కూడా చూడొచ్చు. గాలి పైకి లేవడానికి ఎంత బలం పోగైందో అది చెబుతుంది. 1000 లోపైతే పెద్దగా భయం లేదు, 2500 దాటితే బలం బాగా ఉన్నట్టు. కానీ మన తీరంలో మే నెలలో ఈ అంకె చాలా రోజులు ఎక్కువే ఉంటుంది, చినుకు మాత్రం పడదు. లోపలి నుంచి వచ్చే పొడి వేడిగాలి కొంత ఎత్తులో ఎసరు మీద మూతలా అడ్డుపడుతుంది. కింది తేమ దాన్ని దాటలేకపోతే మనకు మిగిలేది ఉక్కపోతే. కాబట్టి ఒక్క కేప్ చూసి కంగారుపడకండి.

మధ్యాహ్నం నుంచి కళ్లు పడమర, వాయవ్యం వైపే ఉండాలి. సముద్రపు గాలి తేమను మోసుకొచ్చి కొండలకు కొడుతుంది. సాలూరు దాటాక సుంకి ఘాట్, కొరాపుట్ వైపు మబ్బులు లేచేది అక్కడే. ఆ కాలంలో పైన వీచే గాలులు ఎక్కువగా పడమటివి కాబట్టి వాటిని మన మీదికి తోస్తాయి. మబ్బు తల ఉబ్బుతూ నిలువునా పెరుగుతుంటే నేను ఫోన్ తీస్తాను.

నిజంగా పనికొచ్చేది రాడార్. విశాఖ కైలాసగిరి మీద వాన మబ్బులను పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది, దాని చిత్రాలు వాతావరణ శాఖ సైట్లో దొరుకుతాయి. చిత్రం నడిమధ్య విశాఖ, అక్కడి నుంచి నేరుగా ఉత్తరాన దాదాపు 90 కిలోమీటర్లకు బొబ్బిలి. మ్యాక్స్ జెడ్ అనే చిత్రం తెరవండి. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 9:30 అని ఉంటే మనకు మధ్యాహ్నం మూడు. ఇది కలపడం మరిచిపోయి "పాత చిత్రం పెట్టారు" అని తిట్టుకునేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది.

పక్కనున్న రంగుల పట్టీలో అంకె 40 దాటితే గట్టి వాన, 55 దాటితే వడగళ్ల అనుమానం. పైన, కుడి పక్కన ఉన్న పట్టీలు మబ్బు ఎత్తు చూపిస్తాయి. మేలో సుమారు 5 కిలోమీటర్ల పైన నీరు గడ్డకట్టే చలి. ముదురు రంగు దాన్ని దాటి ఎనిమిది, పది కిలోమీటర్ల దాకా నిలబడితే మామిడికాయలు కూడా రాలుతాయనుకోండి. తర్వాత అరగంట తేడా ఉన్న రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి మబ్బు ఎంత జరిగిందో చూడండి. అరగంటలో 20 కిలోమీటర్లు జరిగితే, దాదాపు అంతే దూరంలో ఉన్న సాలూరు మీది మబ్బు మన దగ్గరికి రావడానికి ఇంకో అరగంట. బరకాలకు అది చాలు.

దామిని యాప్ పిడుగులకు. చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. సిగ్నల్ లేకపోతే మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరం. 30 సెకన్ల లోపు వినిపిస్తే బరకం సగమే కప్పినా వదిలేసి ఇంట్లోకి రావాలి. మా ఆయనతో ప్రతి ఏడూ గొడవ ఇక్కడే. చెట్టు కింద, పైకప్పు లేని ట్రాక్టర్ మీద ఉండకూడదు. వాన ఇంకా మొదలు కాలేదన్న ధైర్యం వద్దు. వాన పడే చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు.

వీడియోలు చూసి "మనకీ టోర్నడో వస్తుందా" అని పిల్లలు అడుగుతుంటారు. దానికి కేప్ ఒక్కటే చాలదు. నేల దగ్గరి గాలికీ పైగాలికీ వేగంలో, దిశలో బాగా తేడా ఉండి మబ్బే గిరగిరా తిరగాలి. మన దగ్గర అరుదు. ఒడిశా రాజ్‌కనికలో 2009 మార్చిలో వచ్చి ప్రాణాలు తీసింది. అమెరికాలో ఇలాంటి పెద్ద గాలివానలను ముందే అంచనా వేయడానికి నార్మన్ అనే ఊళ్లో ఒక కేంద్రం ఉన్నా, ఫలానా చోటికి వస్తోందన్న హెచ్చరికకూ టోర్నడోకూ మధ్య చాలాసార్లు పావుగంట కూడా దొరకదు. మన కళ్లాలను పాడుచేసేది ఎక్కువగా మబ్బు నుంచి కిందికి దూకి పరుచుకునే ఈదురుగాలి. ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లగాలి కొట్టిందంటే అదే. ఇక రాడార్ చూస్తూ కూర్చోకండి.

వాన వెలిశాక ఆఖరి ఉరుము నుంచి అరగంట ఆగండి. ఆ చల్లగాలే పక్కన తేమగాలిని ఎగదోసి కొత్త మబ్బు పుట్టించగలదు. అందుకే బరకం తీసే ముందు సాలూరు వైపు ఇంకేమైనా రంగు కనిపిస్తోందేమో రాడార్‌లో మరోసారి చూడండి. ఏమీ లేకపోయినా పొద్దుగూకితే రాత్రికి కప్పే ఉంచి, అంచుల్లో నిలిచిన నీళ్లు మాత్రం తోసేయండి.