అమెరికాలో కొత్తగా టీఏ అయ్యారా? అకామొడేషన్ లెటర్ అంటే రూమ్ గురించి కాదు

టీఏగా, అంటే ప్రొఫెసర్‌కి క్లాసులో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్‌గా, చేరిన మొదటి ఒకటి రెండు వారాల్లోనే మీకు ఒక మెయిల్ వస్తుంది, సబ్జెక్ట్‌లో అకామొడేషన్ లెటర్ అని ఉంటుంది. మనకి అకామొడేషన్ అంటే రూమ్, రెంట్, రూమ్మేట్లు కదా, నేనైతే ఎవరో ఇల్లు వెతుక్కుంటున్నారనుకుని రెండ్రోజులు తెరవనే లేదు. అది యూనివర్సిటీ డిజేబిలిటీ ఆఫీస్ నుంచి వచ్చే ఉత్తరం అండీ. మీ సెక్షన్‌లో ఫలానా స్టూడెంట్‌కి పరీక్షలో ఒకటిన్నర రెట్లు టైం, లేదా క్యాప్షన్లు (మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపించడం), లేదా స్లైడ్లు ముందుగా ఇవ్వాలి అని అందులో ఉంటుంది. ఎందుకు ఇవ్వాలో మాత్రం సాధారణంగా ఉండదు.

ఆ ఎందుకు అనేది మీరు అడగొద్దు. మనకి అభిమానంతోనే అడిగే అలవాటు, ఏమైంది, పుట్టుకతోనేనా, డాక్టర్ ఏమన్నారు అని. ఇక్కడ అది తప్పు, స్టూడెంట్ తనంతట తాను చెప్తే వినండి, అంతే. క్లాసులో అందరి ముందు ఎత్తొద్దు, ఇద్దరికి ఎక్స్‌ట్రా టైం ఉందని ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టి పంపొద్దు. ఇంకోటి, ఇది మీరు చేసే ఉపకారం కాదు. 1973 రిహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504, 1990 నాటి ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజేబిలిటీస్ యాక్ట్) చట్టం ప్రకారం అది వాళ్ళ హక్కు. లెటర్‌లో ఉన్నది కుదరదనిపిస్తే ప్రొఫెసర్‌కో డిజేబిలిటీ ఆఫీస్‌కో చెప్పండి, మీరే ఎస్ అనో నో అనో తేల్చేయకండి.

సరే, లెటర్ సంగతి అలా ఉంచితే, అసలు పని అది రాకముందే మొదలవ్వాలి అంటాను నేను. ఎందుకంటే అందరూ డిజేబిలిటీ ఆఫీస్‌లో రిజిస్టర్ చేసుకోరు, చేసుకున్నా కొందరి లెటర్ సెమిస్టర్ మధ్యలో వస్తుంది, అప్పుడు కూర్చుని పాత ఫైళ్ళన్నీ బాగుచేయాలంటే మన హోంవర్కే మనకి అవ్వదు.

నా మొదటి సెమిస్టర్‌లో హోంవర్క్ సొల్యూషన్లు కాగితం మీద నీట్‌గా రాసి, ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేసేవాడిని. చూపులేని స్టూడెంట్ ఒకతను ఆఫీస్ అవర్స్‌కి (స్టూడెంట్లు డౌట్లు అడగడానికి వచ్చే టైం) వచ్చి ఏమీ అనకుండా ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ తెరిచి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేశాడు. ఫైల్ పేరు చదివింది, పేజీలు ఎన్నో చెప్పింది, ఆ తర్వాత సైలెంట్. ఆరు పేజీలు, ఒక్క అక్షరం లేదు. స్కాన్ చేసిన పేజీ అంటే స్క్రీన్ రీడర్‌కి ఉత్త ఫోటో అన్నమాట. అచ్చు పేజీలైతే, ఫోటోలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ పెడితే చాలావరకు పనైపోతుంది కానీ మన చేతిరాతకి, అందులోనూ ఈక్వేషన్లకి, దాన్ని నమ్ముకోవద్దు.

ఈక్వేషన్లు టైప్ చేయడానికి వాడే లేటెక్‌లో చేస్తే సరిపోతుంది కదా అనుకున్నా, అదీ తప్పే, మామూలుగా లేటెక్ నుంచి తీసిన పీడీఎఫ్‌లో ఇంటిగ్రల్, ఘాతం, భిన్నం అన్నీ కలిసిపోయి ఏదేదో చదువుతుంది. అదే సోర్స్‌ని ఫైల్ ఫార్మాట్ మార్చే ప్యాన్‌డాక్‌తో వర్డ్‌లోకో, వెబ్‌లో ఈక్వేషన్లు చూపించే మ్యాథ్‌జాక్స్ ఉన్న వెబ్ పేజీలోకో మార్చి ఇస్తే ఈక్వేషన్ ఈక్వేషన్‌లా వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ అని ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది, విండోస్‌లో వేసుకుని మానిటర్ ఆపేసి మీ ఫైల్ మీరే ఒక్క పది నిమిషాలు వినండి. హెడ్డింగ్‌ని ఉత్త బోల్డ్ చేసి వదిలేయకుండా హెడ్డింగ్ స్టైల్ ఎందుకు పెట్టాలో అప్పుడు అర్థమవుతుంది, స్టైల్ ఉంటే హెచ్ కీ నొక్కుతూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకోదానికి దూకొచ్చు, లేకపోతే మొదటి నుంచీ మొత్తం వినాల్సిందే. లింకులన్నీ క్లిక్ హియర్, క్లిక్ హియర్ అని వినిపిస్తే మీకే విసుగొస్తుంది.

పవర్‌పాయింట్‌లో రివ్యూ ట్యాబ్ కింద చెక్ యాక్సెసిబిలిటీ ఉంటుంది, బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) లేకపోతే పట్టిస్తుంది. కానీ ఆ ఆల్ట్ టెక్స్ట్‌లో గ్రాఫ్ అని ఒక్క మాట రాసినా పాస్ చేసేస్తుంది, కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మకండి, గ్రాఫ్ ఏం చెప్తోందో ఒక వాక్యం రాయండి. అక్షరాల రంగుకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలి, తెల్ల స్లైడ్ మీద లేత పసుపు అక్షరాలు అసలొద్దు. ఎర్ర లైన్ చూడండి, పచ్చ లైన్ చూడండి అనడం కూడా మానేయండి. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 12 మందిలో ఒకరికి రంగుల తేడా సరిగా తెలియదు, వాళ్ళలో చాలామంది ఏ లెటరూ తీసుకురారు. ఒక లైన్‌ని చుక్కలుగా పెట్టండి, అయిపోతుంది.

క్యాప్షన్ల దగ్గర మన యాక్సెంట్‌తో తంటా ఉంది. నేను ఐగెన్ వేల్యూ అనే లెక్కల మాట అంటే జూమ్ ఐ కెన్ వేల్యూ అని వేసేది, లెక్చర్ మొత్తం నేను దేనికో విలువిస్తున్నట్టే ఉండేది. రికార్డింగ్ పెట్టేముందు ఒకసారి చూసి టెక్నికల్ మాటలైనా సరిచేయండి. క్లాసులో లైవ్‌గా టైప్ చేసే క్యాప్షనర్ ఉంటే ఆ మాటల లిస్టూ స్లైడ్లూ ముందురోజే పంపేయండి. గొంతు పెద్దదే కదా అని మైక్ పక్కన పెట్టకండి, వేరే ఊళ్ళో కూర్చుని టైప్ చేసే క్యాప్షనర్‌కి మైక్‌లోంచి వచ్చిందే వినిపిస్తుంది. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ ఉంటే మాట్లాడాల్సింది స్టూడెంట్‌తో, ఇంటర్‌ప్రెటర్‌తో కాదు, ప్రశ్న అడిగాక కొన్ని సెకన్లు ఆగండి, సైగలు మాట కంటే కొంచెం వెనకే వస్తాయి.

బోర్డు దగ్గర దీన్ని ఇక్కడికి తెచ్చి దానితో గుణిస్తే అని చెప్పేస్తాం మనం. ఏది, ఎక్కడికి? ఎక్స్ స్క్వేర్‌ని కుడివైపుకి తెచ్చి అని నోటితో అనండి, వెనక వరసలో నోట్స్ రాసుకునేవాళ్ళకీ అదే కావాలి.

చివరగా క్విజ్ టైం, చాలామంది టీఏలు తప్పు చేసేది ఇక్కడే. యూనివర్సిటీ క్లాసులు, క్విజ్‌లు పెట్టే కాన్వాస్ వెబ్‌సైట్‌లో 50 నిమిషాల క్విజ్‌కి మోడరేట్ చేసి 25 నిమిషాలు కలుపుతారు, 75 అయింది కదా అని వదిలేస్తారు. కానీ క్విజ్ మూసే టైం అందరికీ ఒకటే ఉంటే ఆ టైం రాగానే మిగతా నిమిషాలతో పని లేకుండా సబ్మిట్ అయిపోతుంది, కాబట్టి ఆ స్టూడెంట్ పేరు మీద విడిగా అన్‌టిల్ టైం (ఆ మూసే టైం) కూడా పొడిగించండి. టెస్టింగ్ సెంటర్‌లో రాసే పరీక్ష అయితే చాలా చోట్ల సీటు స్టూడెంటే బుక్ చేసుకుంటారు, పేపర్ మాత్రం మీరు గడువులోగా పంపాలి, ఆ గడువు పరీక్షకి ఎన్ని రోజుల ముందో సెమిస్టర్ మొదట్లోనే కనుక్కుని క్యాలెండర్‌లో వేసుకోండి, ముందురోజు రాత్రి పేపర్ తయారుచేసే ప్రొఫెసర్ దొరికితే ఆయనకి గుర్తుచేసే డ్యూటీ కూడా మీదే.